బొలెరో, పికప్ లాంటి బండికి ఇంటి దగ్గరే ట్రైలర్ హిచ్ బిగించుకోవడం: బరువు లెక్క నుంచి లైట్ల దాకా

అనంతపురం, కడప పల్లెల్లో చీనీ తోట ఉన్నవాళ్లకు ఎండాకాలం రాగానే నీళ్లు తోలే పని పడుతుంది. దానికి తోడు మందు కొట్టే స్ప్రేయరు, జనరేటరు, డ్రిప్ పైపుల కట్టలు. ప్రతిసారీ ట్రాక్టరు దొరకదు, దొరికినా బాడుగ గిట్టదు. ఇంటి ముందు బొలెరోనో పికప్పో ఉంటే దాని వెనక చిన్న రెండు చక్రాల ట్రైలరు తగిలించుకోవచ్చన్న ఆలోచన సహజంగానే వస్తుంది.

ఆ ఆలోచన వచ్చిన మర్నాడే చాలామంది వెల్డింగు షాపుకు పోయి, బంపరుకో ఛాసిస్ చివరకో ఒక చానల్ ముక్క అతికించుకుని వస్తారు. అది చేయొద్దు. బంపరు పని దెబ్బ కాచుకోవడమే, లాగడం కాదు. ఇక ఛాసిస్ మీద నేరుగా వెల్డింగు పెడితే అతుకు పక్కన కాలిన ఇనుము తన పాత గుణం కోల్పోతుంది. పగులు అతుకులో రాదు, అతుకు పక్కన ఛాసిస్‌లోనే మొదలవుతుంది. మట్టి, రంగు కప్పి ఉంటాయి కాబట్టి అది కంటికి ఆనదు. ఇక్కడ చెప్పేదంతా బోల్టులతో బిగించే హిచ్ గురించే, అంటే ట్రైలరు తగిలించడానికి బండి వెనక పెట్టే ఇనుప అమరిక గురించే. అవసరమైతే విప్పొచ్చు, పరీక్షించొచ్చు, ఒక బోల్టు పాడైతే ఆ ఒక్కటే మార్చొచ్చు.

ఇది లాడర్ ఛాసిస్ ఉన్న బండ్లకు, అంటే బొలెరో, స్కార్పియో, థార్, పికప్‌ల లాంటి వాటికి రాసినది. కింద పడుకుని చూస్తే ముందు నుంచి వెనక దాకా రెండు పొడవాటి ఇనుప దూలాలు కనబడాలి. అవి కనబడని, బాడీ రేకే బరువంతా మోసే మోనోకాక్ కార్లకు ఆ మోడల్ కోసమే తయారైన కిట్టు తప్ప ఇంకేదీ వాడకూడదు. రేకు మీద సొంతంగా బెజ్జాలు వేసే పని అసలే వద్దు.

ముందు కాగితాలు

మోటారు వాహనాల చట్టం, 1988 లెక్కలో ట్రైలరు కూడా మోటారు వాహనమే. దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి. అదే చట్టం సెక్షన్ 52 బండికి చేసే మార్పుల గురించి చెబుతుంది: ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా మార్పు చేయకూడదు. కాబట్టి కిట్టు కొనకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగండి, ఇన్సూరెన్సు వాళ్లకు రాతపూర్వకంగా తెలపండి. బండి ఓనర్స్ మాన్యువల్లో "ట్రైలర్ లాగడం" అన్న భాగం వెతికి చూడండి. లాగకూడదని తయారీదారు రాసి ఉంటే ఆ విషయం అక్కడితో ముగిసినట్టే.

బరువు లెక్క

కిట్టు ఎంపికంతా ఈ లెక్క మీదే ఆధారపడుతుంది కాబట్టి కాస్త ఓపికగా చూడాలి.

500 లీటర్ల నీళ్లంటే 500 కిలోలు. ట్యాంకు, ట్రైలరు ఇనుము, చక్రాలు కలిపి ఇంకో 200 వేసుకుంటే 700 అయింది. 1000 లీటర్ల ట్యాంకు పెడితే 1250 దాకా పోతుంది. యూరప్‌లో 750 కిలోలు దాటిన ట్రైలరుకు సొంత బ్రేకులు ఉండి తీరాలి. కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ లాంటి దిగుడు మీద తిరిగేవాళ్లు ఆ హద్దును ఇంకా గట్టిగా పట్టుకోవాలి. బ్రేకుల్లేని ట్రైలరు బరువంతా బండి బ్రేకుల మీదే పడుతుంది.

మంచి హిచ్ మీద ఒక ప్లేటు ఉంటుంది. దాని మీద రెండు అంకెలు చూడాలి. మొదటిది డి విలువ, కిలోన్యూటన్లలో. లాగేటప్పుడు, ఆపేటప్పుడు హిచ్ మీద పడే అడ్డ బలానికి అది హద్దు. లెక్క ఇలా: లోడుతో బండి బరువును ట్రైలరు బరువుతో గుణించి, ఆ రెండింటి మొత్తంతో భాగించి, 9.81తో గుణించాలి. బరువులు టన్నుల్లో వేయాలి. బండి 2 టన్నులు, ట్రైలరు 0.7 టన్ను అనుకుంటే 1.4ని 2.7తో భాగిస్తే 0.52, దాన్ని 9.81తో గుణిస్తే దాదాపు 5.1. అదే ట్రైలరు 1.25 టన్నులైతే దాదాపు 7.5 వస్తుంది. వచ్చిన అంకె కంటే హిచ్ ప్లేటు మీది అంకె పెద్దదిగా ఉండాలి.

రెండోది ఎస్ విలువ, కిలోల్లో. ట్రైలరు మూతి (ముందు కొసన ఉండే తగిలింపు గిన్నె) బంతి (హిచ్ మీది ఇనుప గుండు) మీద కిందికి ఎంత బరువు మోపొచ్చో అది చెబుతుంది. ఈ బరువు బండి లోడులో భాగమేనని మర్చిపోతుంటారు. పైగా అది వెనక ఇరుసుకు ఇంకా వెనక పడుతుంది. ఇరుసుకు 1 మీటరు వెనక బంతి ఉండి, వీల్‌బేస్ (రెండు ఇరుసుల మధ్య దూరం) 2.7 మీటర్లయితే, బంతి మీద 60 కిలోలు పెట్టినప్పుడు వెనక ఇరుసు మీద 82 కిలోలు పెరుగుతుంది, ముందు ఇరుసు నుంచి 22 కిలోలు లేచిపోతుంది. వెనక సీట్ల నిండా మనుషులు, డిక్కీలో యూరియా బస్తాలు ఉన్న బండికి ఇది కలిస్తే స్టీరింగు తేలికైపోతుంది.

బండికి ఒక హద్దు, హిచ్‌కు ఒకటి, బంతికి ఒకటి, ట్రైలరు మూతికి ఒకటి, టైర్లకు ఒకటి ఉంటాయి. వీటిలో అన్నిటికంటే చిన్న అంకే మీ హద్దు. అంకెల ప్లేటే లేని హిచ్‌ను, ఎంత లావు ఇనుముతో చేసినా, కొనకండి.

ట్రాక్టరు ట్రాలీని మాత్రం ఏ పరిస్థితిలోనూ ఈ హిచ్‌కు తగిలించొద్దు. ఖాళీ ట్రాలీయే చిన్న ట్రైలరు లోడు మొత్తం కంటే బరువుంటుంది. దాని కొక్కెం, పిన్నుల మధ్య వదులు వల్ల ప్రతి గుంతలోనూ సుత్తి దెబ్బ పడుతుంది. ట్రాక్టరు దాన్ని తట్టుకుంటుంది, బొలెరో ఛాసిస్ తట్టుకోదు.

ఏం కావాలి

కిట్టులో సాధారణంగా ఒక అడ్డ దూలం, రెండు పక్క ప్లేట్లు, బంతి, బోల్టుల సంచి ఉంటాయి. అడ్డ దూలం 20, 25 కిలోలు తూగుతుంది కాబట్టి ఇంకో మనిషి తోడు కావాలి.

బంతి కొలత ముఖ్యం. 50 మి.మీ. ఒక రకం, 2 అంగుళాలు అంటే 50.8 మి.మీ. ఇంకో రకం. చూడటానికి రెండూ ఒకటే. 50 బంతి మీద 2 అంగుళాల మూతి పెడితే వదులుగా కూర్చుని గుంతలో ఎగిరిపోవచ్చు. తిరగేస్తే తాళం పూర్తిగా పడదు. బంతి మీద, మూతి మీద చెక్కి ఉన్న అంకెలు చదివి జత కలపండి. పాత బంతి కొంటే వెర్నియర్‌తో కొలవండి. 50 బంతి ఎక్కడైనా 49 మి.మీ.కు అరిగి ఉంటే దాని పని అయిపోయింది.

పనిముట్లు: 17, 19, 22, 24 బాక్సు, రింగు పానాలు, 200 న్యూటన్ మీటర్లు దాటి చూపే టార్కు రెంచి (ఎంత బలంతో బిగించామో చూపే పానా), వైరు బ్రష్షు, పక్క పిడి ఉన్న 13 మి.మీ. డ్రిల్లు మిషను, సెంటర్ పంచి, కోబాల్టు బిట్లు, గుండ్రటి ఆకురాయి, జింకు ప్రైమరు, మల్టీమీటరు. టార్కు రెంచి కొనక్కర్లేదు. లారీలకు పనిచేసే టైరు షాపులో ఒక పూటకు అడిగితే దొరుకుతుంది. అది దొరక్కపోతే చివరి బిగింపు కోసం బండినే అక్కడికి తోలుకుపోండి. చేతి అంచనాతో మాత్రం సరిపెట్టొద్దు.

కిట్టులో బోల్టులు తక్కువ పడితే వీధి చివర ఇనుప కొట్టులో దొరికింది తేవడం దగ్గరే చాలా పనులు చెడతాయి. బోల్టు తల మీద బలం చెప్పే అంకె 8.8 లేదా 10.9 అని ఉండాలి. ఏమీ లేని మామూలు బోల్టు 4.6 రకం అనుకోవాలి. ఎం12 (12 మి.మీ. లావు) బోల్టు 8.8 అయితే సాగకుండా దాదాపు 49 కిలోన్యూటన్లు మోస్తుంది, 4.6 అయితే 19 మాత్రమే. చూడటానికి రెండూ కవలలే. మర కూడా చూడండి: ఎం12లో మరకూ మరకూ మధ్య 1.75 మి.మీ. ఉన్నవి, 1.25 ఉన్నవి రెండూ అమ్ముతారు. నట్టు చేత్తో నాలుగు చుట్లు సులువుగా ఎక్కకపోతే మర కలవలేదన్నమాట. పానాతో బలవంతం చేస్తే రెండూ పాడైపోతాయి. నైలాను ఉన్న లాక్ నట్టు ఒక్కసారికే. విప్పితే కొత్తది వేయాలి.

బండిని నిలపడం

ఎండాకాలం ఈ పని తెల్లవారుజామున మొదలుపెట్టాలి. రాత్రి నిలిపిన బండి సైలెన్సరు చల్లగా ఉంటుంది, పదింటి తర్వాత కర్నూలు ఎండలో ఇనుమే ముట్టుకోనివ్వదు.

ఈ బండ్ల ఎత్తుకు చాలాసార్లు జాకీ అక్కర్లేకుండానే కింద దూరొచ్చు. అదే మంచిది. చక్రాలు నేల మీద ఉంటే కమాన్ పట్టీలు మామూలు ఎత్తులోనే ఉంటాయి, కొలతలు సరిగ్గా వస్తాయి. ఎత్తక తప్పదంటే స్టాండ్లు వేయకుండా కింద దూరొద్దు. ఒక ప్రాంతీయ హెచ్చరిక: మన వాకిళ్లలో పరిచే కడప బండ, తాడిపత్రి బండ మీద నేరుగా జాకీ పెట్టకండి. కింద మట్టి ఒకచోట గుల్లగా ఉంటే చాలు, ఆ బండ ముందు చెప్పకుండా ఫట్టుమని విరుగుతుంది. 12 మి.మీ. ఇనుప ప్లేటో, రెండు అంగుళాల మందం చెక్క పలకో వేసి దాని మీద పెట్టండి. ఎర్రమట్టి నేలకైనా, నల్లరేగడికైనా ఇదే మాట. ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు, హ్యాండ్ బ్రేకు, గేరు మూడూ వేయండి. బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీయండి.

స్టెప్నీ ఛాసిస్ కింద వేలాడే బండైతే అది దించాలి. సైలెన్సరు చివరి పైపు అడ్డమొస్తే దాని రబ్బరు కొక్కేలకు సబ్బు నీళ్లు పూసి లాగితే జారి వస్తాయి. హిచ్ బిగించాక పైపుకూ ఇనుముకూ మధ్య కనీసం 50 మి.మీ. సందు మిగలాలి. లేకపోతే ప్రతి గతుకులోనూ టంగుమని కొడుతుంది.

ఛాసిస్ చూడటం, శుభ్రం చేయడం

ముందు ఛాసిస్ తోకను సుత్తితో మెల్లగా కొట్టి వినండి. గట్టి ఇనుము మోగుతుంది, తుప్పు తిన్నది డబ్బుమంటుంది. పాత అతుకులు, వంపులు, పొరలు లేచిన తుప్పు కనబడితే హిచ్ పని ఆపేయాలి. మన వైపు గాలి పొడిదే అయినా, ఎరువుల బస్తాలు మోసిన పికప్‌లలో తుప్పు ఊహించినదానికంటే ఎక్కువే ఉంటుంది.

తర్వాత హిచ్ ఆనుకునే చోటంతా మట్టి, గ్రీజు, తారు పూత, మందపాటి రంగు వైరు బ్రష్షుతో గీకేయండి. దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ. రెండు ఇనుములు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవడం వల్లే బోల్టు జోడు బలం వస్తుంది. మధ్యలో మెత్తటి పూత ఉంటే అది లోడు కింద మెల్లమెల్లగా నలిగి పక్కకు పోతుంది, దాంతో బోల్టు బిగువు తగ్గుతుంది. "బాగానే బిగించాం, అయినా వదులైంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. గీకిన చోట పలచగా ఒక పూత జింకు ప్రైమరు వేసి పూర్తిగా ఆరనివ్వండి. అంతకు మించి వద్దు.

బెజ్జాలు

కిట్టు మీ మోడల్‌కే చేసినదైతే ఛాసిస్‌లో ఉన్న బెజ్జాలకే చాలావరకు కుదురుతుంది. కొన్నిచోట్ల లోపల వెల్డు నట్లుంటాయి. వాటిలోకి మట్టి చేరి ఉంటుంది కాబట్టి ట్యాపుతో మర శుభ్రం చేసి, బోల్టును చేత్తో తిప్పి చూడండి.

కొత్త బెజ్జం వేయక తప్పకపోతే ఛాసిస్ దూలం నిలువు గోడలోనే వేయాలి, అది కూడా ఎత్తులో మధ్య భాగానికి దగ్గరగా. పై మడతలో, కింది మడతలో వేయకూడదు. బండి బరువుకు దూలం వంగేటప్పుడు సాగే, నలిగే ఒత్తిడంతా ఆ మడతల్లోనే ఉంటుంది. అక్కడ బెజ్జం పెడితే పగులుకు దారి చూపినట్టే. ఎం12 బోల్టుకు 13 మి.మీ. బెజ్జం చాలు. బెజ్జం అంచుకూ మడతకూ మధ్య బెజ్జం వ్యాసానికి రెండింతలైనా, రెండు బెజ్జాల మధ్యల దూరం మూడింతలైనా, అంటే దాదాపు 40 మి.మీ. ఉండాలి.

డ్రిల్లు పెట్టేముందు గోడ అవతల చూడండి. బ్రేకు పైపు, డీజిల్ పైపు, వైర్ల కట్ట ఛాసిస్ లోపలి వైపే పోతుంటాయి. పంచితో చుక్క పెట్టి, 5 మి.మీ. బిట్టుతో మొదలుపెట్టి, 8, తర్వాత 13 వేయండి. వేగం తక్కువ, ఒత్తిడి ఎక్కువ, మధ్యమధ్య నూనె చుక్క. పొగ వస్తే వేగం ఎక్కువైందని అర్థం. 13 బిట్టు అవతలికి దూరే క్షణంలో పట్టుకుని మిషను చేతిని మెలిపెడుతుంది. పక్క పిడి అడిగింది అందుకే. అంచుల ఈకలు ఆకురాయితో తీసేసి, కోసిన అంచుకు ప్రైమరు పూయండి.

దూలం నాలుగు వైపులా మూసిన పెట్టె ఆకారంలో ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. గోడ నుంచి గోడకు బోల్టు దూర్చి బిగిస్తే పెట్టె లోపలికి నొక్కుకుపోతుంది. ఎంత తిప్పినా బిగువు రాదు, ఎందుకంటే మీరు బిగించేది బోల్టును కాదు, పెట్టెను నలుపుతున్నారు. లోపల వెడల్పుకు సరిగ్గా కోసిన దళసరి ఇనుప గొట్టం ముక్కను బోల్టు చుట్టూ ఉంచాలి. 'సి' ఆకారపు చానల్ అయితే లోపలి వైపు 6 మి.మీ.కు తగ్గని ప్లేటు వేసి దాని మీద నట్టు బిగించాలి. చిన్న వాషరు ఒక్కటే చాలదు.

చేయి దూరని పెట్టె లోపలికి బోల్టు పంపడానికి ఒక పాత చిట్కా ఉంది. సన్నటి స్టీలు తీగ చివరను బోల్టు మరల మీద నాలుగైదు చుట్లు చుట్టి, ఆ చుట్లు చెదరకుండా బోల్టును తిప్పి తీసేయండి. చుట్లున్న ఆ చివరను బోల్టు రావాల్సిన బెజ్జంలోంచి లోపలికి పంపి, ఛాసిస్ చివర ఉన్న పెద్ద రంధ్రంలోంచి బయటికి తీయండి. అక్కడ ప్లేటు వేసి, చుట్లలోకి బోల్టు తిప్పి ఎక్కించి, ఇటు నుంచి మెల్లగా లాగితే బోల్టు తనంతట వచ్చి బెజ్జంలోంచి మరల కొస బయట పెడుతుంది. తీగ మరల మీదే ఉంటుంది కాబట్టి నట్టు ఎక్కించాలంటే ముందు దాన్ని తీయక తప్పదు. అందుకే తీగ విప్పే ముందు బోల్టును లోపలికి జారకుండా పట్టుకోవడానికి ముక్కు పట్టకారు సిద్ధంగా ఉంచుకోండి.

బిగించే వరుస

ముందు పక్క ప్లేట్లు, తర్వాత అడ్డ దూలం. మొదట ఏ బోల్టునూ పూర్తిగా బిగించకండి. అన్నీ వాటి చోట్లలో పడి, చేత్తో తిరిగేంత వదులుగా ఉండాలి. ఒక వైపు గట్టిగా బిగించేసి రెండో వైపు బెజ్జాలు కలవలేదని గునపంతో లాగే పద్ధతి వద్దు. అలా కూర్చోబెట్టిన ఇనుములో లోడు పడకముందే ఒత్తిడి చేరుతుంది.

అన్నీ పడ్డాక బంతి బిగించే చోటు నడిమి నుంచి రెండు వైపులా ఒకే గుర్తుకు, ఉదాహరణకు కమాన్ పట్టీ వెనక పిన్నుకు, టేపు పట్టి కొలవండి. తేడా 5 మి.మీ. లోపు ఉండాలి. బంతి పక్కకు జరిగి ఉంటే ట్రైలరు బండి వెనక వంకరగా నడుస్తుంది, టైర్లు ఒక అంచున అరుగుతాయి.

బంతి ఎత్తు కూడా ఇప్పుడే చూడాలి. నేల నుంచి బంతి మధ్యకు, లోడు ఉన్న బండికి, 350 నుంచి 420 మి.మీ. అన్నది యూరప్ ప్రమాణం. మన బండ్లు ఎత్తు కాబట్టి బంతి కిందికి దించే డ్రాప్ ప్లేటు తరచూ కావాల్సి వస్తుంది. ఖాళీ బండికి కొలిచి మోసపోవద్దు. రోజూ వేసే లోడు వేసి కొలవండి. కావాల్సింది ట్రైలరు చదునుగా నిలవడం. మూతి పైకి లేచి ఉంటే బరువు వెనక్కు జారుతుంది.

ఇప్పుడు టార్కు రెంచి. కిట్టు కాగితంలో అంకెలుంటే అవే వేదం. లేకపోతే పొడి మరలున్న 8.8 బోల్టులకు దాదాపుగా ఇవి: ఎం10కి 47, ఎం12కి 80, ఎం14కి 130, ఎం16కి 200 న్యూటన్ మీటర్లు. 10.9 రకం ఎం12కి 115. బంతి అంచు ప్లేటు రకమైతే రెండు ఎం16 బోల్టులు 90 మి.మీ. దూరంలో ఉంటాయి, వాటికి 200. అర మీటరు పిడి చివర 40 కిలోల బరువు వేలాడదీస్తే ఎంతో 200 అంటే అంత. పడుకుని ఒక్క చేత్తో తోస్తే అంత రాదని దీన్నిబట్టే తెలుస్తుంది. మరలకు నూనె పూయకండి. నూనె ఉంటే అదే టార్కుకు బోల్టు ఎక్కువ సాగి, పట్టు తప్పుతుంది.

ఒకేసారి పూర్తి టార్కుకు పోకుండా మొదట సగం, తర్వాత పూర్తి. ఛాసిస్ బోల్టులు ముందు, అడ్డ దూలం బోల్టులు తర్వాత, ఎడమ కుడి మార్చుతూ బిగించండి. అయ్యాక ప్రతి నట్టు మీదుగా ప్లేటు మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. తర్వాత ఎప్పుడైనా గీత విరిగినట్టు కనబడితే నట్టు తిరిగిందని పానా పెట్టకుండానే తెలుస్తుంది.

లైట్లు

7 పిన్నుల సాకెట్టు సరిపోతుంది. అంతర్జాతీయ పద్ధతిలో రంగులు ఇలా ఉంటాయి:

1. పసుపు: ఎడమ ఇండికేటరు
2. నీలం: వెనక ఫాగ్ లైటు
3. తెలుపు: ఎర్తు
4. ఆకుపచ్చ: కుడి ఇండికేటరు
5. గోధుమ: కుడి టెయిల్ లైటు
6. ఎరుపు: బ్రేకు లైటు
7. నలుపు: ఎడమ టెయిల్ లైటు

ఇవి సాకెట్టు వైర్ల రంగులు మాత్రమే. బండి లోపలి రంగులు కంపెనీని బట్టి మారతాయి. ఏ వైరు ఏదో రంగు చూసి నిర్ణయించకుండా, టెయిల్ లైటు వెనక మల్టీమీటరు పెట్టి, ఒక్కో స్విచ్చు వేయించి చూసుకోండి. ఆ పరీక్షకు మాత్రం బ్యాటరీ వైరు మళ్లీ తగిలించాలి.

21 వాట్ల బల్బు ఒకటి 12 వోల్టుల దగ్గర 1.75 ఆంపియర్లు లాగుతుంది. ట్రైలరు బ్రేకు లైట్లు రెండూ కలిపి 3.5 అవుతాయి. పాత బండి వైరింగు దీన్ని మోయొచ్చు. కానీ లైట్లను కంప్యూటరు మాడ్యూలు నడిపే కొత్త బండ్లలో నేరుగా టెయిల్ లైటు వైరుకు కలిపితే మాడ్యూలు తప్పు చూపిస్తుంది, ఒక్కోసారి కాలిపోతుంది. వాటికి బైపాస్ రిలే పెట్టాలి: బండి వైర్లు రిలేకు సంకేతం మాత్రం ఇస్తాయి, అసలు కరెంటు 15 ఆంపియర్ల ఫ్యూజు గుండా నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. ట్రైలరుకు ఎల్‌ఈడీ దీపాలు వాడితే లోడు చాలా తగ్గుతుంది.

వైరు లైట్లకు 1.5, ఎర్తుకు 2.5 చదరపు మి.మీ. తీసుకోండి. ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే రెండు ఎండాకాలాలకు జిగురు కరిగి ఊడిపోతుంది. క్రింపు చేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి. రేకు దాటే చోట రబ్బరు గ్రోమెట్టు, సైలెన్సరుకు దూరంగా కండ్యూట్ పైపు.

ఎర్తు వైరును రంగు గీకిన ఛాసిస్ ఇనుముకు బిగించండి. బంతి ద్వారా ఎర్తు వస్తుందిలే అని వదిలేస్తే, గ్రీజు పూసిన బంతి ఎర్తు సరిగా ఇవ్వదు. బ్రేకు తొక్కితే ఇండికేటరు మసకగా వెలగడం, ఇండికేటరు వేస్తే టెయిల్ లైటు కూడా మిణుకుమనడం కనబడితే వైర్లన్నీ విప్పి వెతకొద్దు. నూటికి తొంభై పాళ్లు ఎర్తే.

తగిలించడం, మూతి బరువు, మొదటి పరుగు

బంతికి పలచగా గ్రీజు పూసి మూతి దించండి. తాళం పడ్డట్టు శబ్దం వస్తే సరిపోయిందనుకోకండి. ట్రైలరు ముందు చక్రం జాకీని తిప్పి మూతిని పైకి ఎత్తండి. బండి వెనక భాగం కూడా కాస్త లేవాలి. మూతి ఒక్కటే లేస్తే తాళం పడలేదు.

రెండు గొలుసులు మూతి కింద ఒకదానికొకటి అడ్డంగా వేయాలి. మూతి ఊడితే ఆ కత్తెర మీద పడి నేలను గుద్దుకోకుండా ఆగుతుంది. ఒక్కో గొలుసు ట్రైలరు మొత్తం బరువు ఆపగలిగినదై ఉండాలి. వాటిని అడ్డ దూలానికి తగిలించాలి గానీ బంతి మెడకు చుట్టకూడదు, ఊడేది ఆ బంతే కావచ్చు. పూర్తిగా తిప్పినప్పుడు లాక్కోనంత పొడవు, నేల రాయనంత పొట్టి.

మూతి బరువు ట్రైలరు బరువులో 7 నుంచి 10 శాతం, ఎస్ విలువ దాటకుండా ఉండాలి. 700 కిలోలకు 50 నుంచి 70. తూయడానికి శెనక్కాయలు తూచే కాటా చాలు: ట్రైలరు లోడుతో చదునుగా ఉండగా, బంతి ఎత్తుకు సరిపడే కర్ర ముక్కను కాటా మీద నిలిపి దాని మీద మూతి ఆనించండి. తక్కువొస్తే లోడు ముందుకు జరపాలి. ఇరుసు నుంచి మూతికి 2 మీటర్లున్న ట్రైలరులో 500 కిలోల ట్యాంకును 10 సెం.మీ. ముందుకు జరిపితే మూతి మీద 25 కిలోలు పెరుగుతుంది. ఆ లెక్కన కొద్దిగా జరిపినా చాలు, తర్వాత ట్యాంకును బెల్టులతో కట్టేయాలి.

మూతి బరువు చాలకపోతే 50, 60 వేగం దగ్గర ట్రైలరు తోకలా ఊగడం మొదలుపెడుతుంది. ఊగినప్పుడు బ్రేకు గట్టిగా తొక్కడం, స్టీరింగు ఎదురు తిప్పడం రెండూ చేయకూడదు. యాక్సిలరేటరు వదిలి, స్టీరింగు నిలకడగా పట్టుకుంటే అదే సద్దుమణుగుతుంది. ఆపి, లోడు సర్దాలి. సగం నిండిన నీళ్ల ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. బ్రేకు వేసినప్పుడు నీళ్లన్నీ ముందుకు వచ్చి, వెంటనే వెనక్కు పోతాయి. నిండుగా తోలండి, పూర్తిగా ఖాళీ చేసి రండి. దారిలో నాలుగు చోట్ల కొంచెం కొంచెం పోసే పని ఉంటే లోపల అడ్డ పలకలున్న ట్యాంకు తీసుకోండి.

మొదటి పరుగు ఖాళీ ట్రైలరుతో, ఊరి రోడ్డు మీద. తర్వాత సగం బరువున్న ఘన సరుకుతో, ఆ తర్వాతే పూర్తి లోడు. జాతీయ రహదారి 44 మీద లారీలు పక్కనుంచి దూసుకుపోతే ఆ గాలికి ట్రైలరు ఎలా స్పందిస్తుందో ఖాళీగా ఉన్నప్పుడే తెలుసుకోవడం మేలు. ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కేవాళ్లమో ఆ గేరులోనే దిగాలన్న డ్రైవర్ల మాటను ట్రైలరున్నప్పుడు ఇంకో గేరు తగ్గించి పాటించండి.

50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ టార్కు రెంచితో చూడాలి. కొత్త జోడులో రంగు, ఈకలు నలిగి కొంత బిగువు తగ్గడం మామూలే. ఒకే బోల్టు రెండోసారీ మూడోసారీ వదులైతే బిగిస్తూ పోకుండా విప్పి చూడండి. కింద పూత మిగిలి ఉంటుంది, లేదా పెట్టె దూలం నలుగుతుంటుంది, లేదా బెజ్జం కోలగా అరిగి ఉంటుంది. తర్వాత 1000 కిలోమీటర్లకు, అటుపైన ప్రతి సర్వీసుకు తెల్ల గీతలు, ఛాసిస్ బెజ్జాల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు చూస్తే చాలు. గేరు మార్చినప్పుడు వెనక టక్కుమనే శబ్దం వస్తే ముందు బంతి, మూతి అరుగుదల చూసి, ఆ తర్వాత బోల్టుల వైపు పోండి.

ట్రైలరు తగిలించని రోజుల్లో, విప్పే వీలున్న రకమైతే, బంతి తీసి లోపల పెట్టుకోండి. అది నంబరు ప్లేటును కప్పకూడదు. ఇక సందులో వెనక్కు తీసేటప్పుడు మోటారు సైకిళ్లకూ, మనుషుల మోకాళ్లకూ సరిగ్గా ఆ ఎత్తులోనే తగులుతుంది. సాకెట్టు మూత వేసి ఉంచండి, మూత విరిగితే కొత్తది కొనేదాకా ప్లాస్టిక్ సంచి కట్టండి. దుమ్ము చేరి పిన్నులు పచ్చబారితే సన్న ఎమరీ కాగితంతో రుద్ది, మళ్లీ లైట్లన్నీ ఒక్కొక్కటిగా వేయించి చూసుకోవాలి.